రెయిన్ గేజి మీద బరకం

గవర్నమెంటు వాళ్లు వానని గాజు గొట్టంలో పోసి కొలుస్తారని చెబితే మా నాన్న పడీ పడీ నవ్వాడు. "కొలిచి ఏం చేస్తారే? ఎక్కువైతే వెనక్కి పంపిస్తారా?" అన్నాడు. ఆయన లెక్కలో వానలు మూడే. చెప్పుకి మట్టి అంటుకునే వాన, దుక్కి పదును వాన, వాగు పారే వాన. అంతకంటే సన్నంగా వానని విడదీయాల్సిన అవసరం మా పేటలో ఎవరికీ రాలేదు. నాకు వచ్చింది, ఎందుకంటే నాకు జీతం ఇచ్చే పనుల్లో అదొకటి.

అప్పటికి తాలూకాలు పోయి మండలాలు వచ్చి రెండు మూడేళ్లు అవుతోంది. అంతకు ముందు ఒక చిన్న కాగితం కావాలన్నా రైతులు రెండు బస్సులు మారి తాలూకా ఊరికి పోయి, రోజంతా మెట్ల మీద కూచుని, ఆఫీసరు గారు క్యాంపులో ఉన్నారని విని తిరిగొచ్చేవాళ్లు. ఇకమీదట ఆఫీసే రైతు దగ్గరికి వస్తుందని గవర్నమెంటు అంది. అన్నట్టే వచ్చింది కూడా. కాకపోతే ఆఫీసు ముందొచ్చింది, బిల్డింగు రాలేదు. అందుకని మా మండలాఫీసుని ఒక మిరప రైతు ఇంట్లో అద్దెకు పెట్టారు. ముందు రెండు గదులు, వరండా మాకు. వెనక వంటిల్లు, ఒక గది ఇంటావిడకి. మూడు బీరువాలు, నాలుగు బల్లలు, ఒక తెలుగు టైపు మిషను, ఆ మిషను ముందు నేను.

గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీద టైపు నేర్చుకుని, పరీక్ష రాసి, దేవుడి దయవల్ల ఉద్యోగం తెచ్చుకున్నదాన్ని. ఆఫీసున్న ఊరికి మా ఊరు నాలుగు మైళ్లు, అదే మండలం. అమ్మా నాన్నా ఎకరం చెలకలో మిరప వేసేవాళ్లు. మా పేటలో గవర్నమెంటు ఉద్యోగం నాదే మొదటిది. ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు కృతజ్ఞతా ప్రార్థన చేస్తూ, ఉద్యోగం తొందరగా పర్మనెంటు కావాలని కూడా ఒక మాట కలిపారు. ఇంకా కాలేదన్నమాట. ఏ చిన్న తప్పు జరిగినా ఇంటికి పంపించేస్తారేమోనని నేను కుర్చీ అంచున కూచుని పని చేసేదాన్ని.

ఇంటావిడని అందరం మామ్మగారనేవాళ్లం. డెబ్భై దగ్గర పడ్డ మనిషి. భర్త పోయినా, పదెకరాల మిరప, పత్తి సేద్యం తనే చేయించేవారు. ఆవిడ అద్దె ఎంతన్నది పెద్దగా పట్టించుకోలేదు గానీ ఒక్క షరతు పెట్టారు. "మాఘం నుంచి ఉగాది వెళ్లేదాకా వాకిలి నాదే. నా కాయలు అక్కడే ఎండాలి." ఎమ్మార్వోగారు సరేనన్నారు. ఆయనా మిరప పండించే ఊరివాడే. కాయలు ఆరబోసే కల్లానికి అడ్డం చెప్పటం పాపమని ఆయనకి తెలుసు. అందుకని ఏటా మూడు నెలలు మా ఆఫీసుకి వచ్చే జనం ఎర్రటి మిరపకాయల మధ్య ఒక్క మనిషి పట్టే దారిలో నడిచి, తుమ్ముకుంటూ లోపలికి వచ్చి, తుమ్ముకుంటూనే అర్జీ చదివేవాళ్లు.

ఆ వాకిట్లోకే ఒక రోజు రెయిన్ గేజి వచ్చింది. మోకాలెత్తు గొట్టం, పైన గరాటు, లోపల సీసా, విడిగా గీతలున్న గాజు గొట్టం. దాంతో పాటు రెండు పేజీల రూల్సు. పెద్ద గుమాస్తాగారు వాటిని నిలబడి చదివారు. ఆయన పాత తాలూకా ఆఫీసులో ముప్పయ్యేళ్లు చేసి వచ్చిన మనిషి. రూలు కనపడితే గౌరవంగా లేచి నిలబడే రకం. గోడకి దూరంగా ఉండాలి, చెట్టుకి దూరంగా ఉండాలి, పైన ఏ అడ్డమూ ఉండకూడదు. అటూ ఇటూ అడుగులేసి కొలిస్తే అలాంటి చోటు ఇంటి మొత్తానికి ఒక్కటే తేలింది. వాకిలి నడిమధ్య. అంటే కల్లం నడిమధ్య.

"పెట్టుకోండి. నా కాయలు తినదు కదా," అన్నారు మామ్మగారు.

చుట్టూ కంచె వేయించమని జిల్లాకి రాశాం. జవాబు రాలేదు. ఇంకోసారి రాశాం. మొదటి ఉత్తరం నకలు పంపమని జవాబొచ్చింది.

పొద్దున్నే మా ఊరి బస్సు దిగి అందరికంటే ముందు వచ్చేది నేనే కనక గేజి పని నాకు పడింది. ఎనిమిదిన్నరకి గరాటు తీసి, సీసాలో నీళ్లు గాజు గొట్టంలో పోసి, ఏ గీత దాకా వచ్చాయో చూసి, రిజిస్టర్లో రాసి, గుంటూరు జిల్లా ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాలి. అక్కడ కొత్తగా కంప్యూటర్ వచ్చిందని, మేం చెప్పిన అంకెలన్నీ అందులోకి ఎక్కిస్తారని విన్నాం. సంక్రాంతి వెళ్లాక మా వైపు వాన ఎక్కడిది? రోజూ ఒకటే మాట.

"ఎంత?" అనేది అవతలి గొంతు.

"సున్నా."

"సరే."

ఆ మగ గొంతుకి, నాకు రెండు నెలల్లో నడిచిన సంభాషణ ఇంతే. ఇంటి దగ్గర నాన్న రోజూ అడిగేవాడు, "ఇయ్యాళ ఎంత కొలిచావే?" అని. "ఏమీ లేదు" అంటే, "దీనికి నెలజీతం!" అని మురిసిపోయేవాడు.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. మిరప ఊళ్లలో పుట్టినవాళ్లకి ఆ ఉక్క ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. మూడున్నరకల్లా పడమర నల్లబడింది. మామ్మగారు వాకిట్లోకి వచ్చి, ఆకాశం వంక చూసి, ఒకే ఒక్క కేక పెట్టారు.

"కాయలు!"

ఇంకేముంది, ఆఫీసు ఖాళీ. పెద్ద గుమాస్తాగారు పెన్ను మూత కూడా పెట్టకుండా పంచె ఎగ్గట్టి దూకారు. లోపల ఎమ్మార్వోగారి ముందు గట్టు తగాదా మీద వాదించుకుంటున్న అన్నదమ్ములిద్దరున్నారు. మూడేళ్లుగా మాటల్లేని మనుషులు. వాళ్లూ పరిగెత్తుకొచ్చి ఒకే తట్ట చెరోవైపు పట్టుకున్నారు. నేను చెంగు దోపి కాయలు పోగు చేస్తున్నాను. చేతులతో, తట్టలతో, చీపుళ్లతో, ఆఫీసు అట్టలతో, ఎవరికి ఏది దొరికితే దాంతో కాయలన్నీ నడిమికి లాగాం. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. వాన వస్తే ముందు కాయలు, తరవాతే మనుషులు. మా వైపు ఇది నేర్పే చదువు కాదు, పాలతోనే వస్తుంది.

మామ్మగారు నాలుగు బరకాలు తెచ్చి పడేశారు. బరకమంటే టార్పాలిన్ గుడ్డ, మా వైపు ప్రతి మిరప రైతు ఇంట్లోనూ ఉంటుంది. మూడు కప్పేశాక చివరిది, అన్నిటికంటే పెద్దది, నడిమి కుప్ప మీద కప్పాలి. ఒక కొస నేను పట్టుకున్నాను. అవతలి కొస ఎమ్మార్వోగారు. చర్రున లాగి, నాలుగువైపులా ఇటుకలు పెట్టి, వరండాలోకి ఉరికామో లేదో వాన దంచికొట్టింది. ఒక్క కాయ తడవలేదు. మామ్మగారు అందరికీ అల్లం వేసిన టీ ఇచ్చారు. ఆ వానని చూస్తూ, యుద్ధం గెలిచినట్టు, మా అంతవాళ్లు లేరనుకుంటూ నిలబడ్డాం. ఆ బరకం కింద గవర్నమెంటు ఆస్తి ఒకటి నిలబడి ఉందని ఒక్కరికీ గుర్తు రాలేదు.

వాన తగ్గాక బస్సెక్కి మా ఊళ్లో దిగి, తిన్నగా చేలోకే పోయాను. మా కల్లం నీళ్లలో ఉంది. మాకున్నది ఒకటే బరకం, అదీ చిరుగులది. గాలికి లేచి పక్క చేలో పత్తి మొక్కల మీద పడి ఉంది. అమ్మ తట్టతో నీళ్లలోంచి కాయలు దేవుతోంది. నాన్న గట్టు తెగ్గొట్టి నీళ్లు బయటికి పంపిస్తున్నాడు. తడిసిన కాయ రంగు పోయి తెల్లబడుతుంది. దాన్ని తాలు అంటారు. మార్కెట్లో తాలుకాయని ఎవరూ కాయ కింద లెక్క కట్టరు. ఏడాది చాకిరీ అట్లా నీళ్లలో తేలుతుంటే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నేనూ దిగి దేవాను.

"మీ ఆఫీసు దగ్గర పడిందా?" అన్నాడు నాన్న.

"పడింది నాన్నా. అందరం కలిసి కాయలు కప్పాం. ఒక్కటి తడవలా."

"మంచిపని చేశారు," అన్నాడు, నడుం ఎత్తకుండానే.

తెల్లారి ఎనిమిదిన్నరకి గాజు గొట్టం పట్టుకుని వాకిట్లోకి వెళ్లాను. గేజి కనపడలేదు. అప్పుడు గుర్తొచ్చింది. పరిగెత్తి నడిమి బరకం కొస ఎత్తాను. కాయల కుప్పలో మెడదాకా కూరుకుపోయి, సుఖంగా, పొడిగా ఉంది గేజి. గరాటులో ఒక ఎండు మిరపకాయ ఉంది. సీసాలో చుక్క లేదు.

ఎమ్మార్వోగారు క్యాంపుకి పోయారు. అప్పుడే వచ్చిన పెద్ద గుమాస్తాగారికి చూపించాను.

"ఏం చెయ్యమంటారండి?"

ఆయన గరాటులో మిరపకాయ వంక కాసేపు చూశారు. "రూలు ప్రకారం గేజిలో ఎంతుంటే అంత రాయాలమ్మా. నీ కళ్లతో చూసింది రాయటానికి కాలమ్ లేదు."

"ఊళ్లన్నీ తడిసినయ్ కదండీ."

"మరి గేజి ఎందుకు తడవలేదని అడుగుతారు. ఏం చెప్తావు?"

అదీ నా భయం. ఆ కొస పట్టుకుని లాగింది నేను. చెప్తే ఉద్యోగం ఏమవుతుందో. టైమైపోయింది, ఫోన్ చేశాను. గుంటూరు గొంతు.

"ఎంత?"

"సున్నా."

ఈసారి వెంటనే "సరే" అనలేదు. "సున్నానా?" అంది.

"సున్నానండి."

"సరే."

ఇందులో దాచేదేమీ లేదు. రూలుకి భయపడి కాదు, నన్ను నేను కాపాడుకోటానికి ఆ మాట చెప్పాను. రాత్రంతా నీళ్లలో నానిన మా అమ్మ వేళ్లు ఆ పొద్దున అన్నం పెడుతుంటే చూసి కూడా చెప్పాను.

నాలుగో రోజు తెలిసింది ఆ సున్నా ఎంత పెద్దదో. అకాల వానకి కల్లాలు తడిసిన రైతులకి గవర్నమెంటు సాయం ప్రకటించింది. ఏ మండలాలకి ఇవ్వాలన్నది ఈసారి సిఫార్సుల మీద ఉండదట. పాత రోజుల్లో పెద్దమనిషి అండ ఉన్న ఊరికి చినుకు పడకపోయినా వరద రాసేవాళ్లు. ఇప్పుడు కంప్యూటర్లో వాన అంకెలు చూసి మండలాల పేర్లు తీశారు. మంచి పద్ధతే, ఎవరూ కాదనలేరు. మా చుట్టూ ఉన్న మండలాలన్నీ జాబితాలో ఉన్నాయి. మాది లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ పూజారిని నేనే.

పదింటికల్లా రైతులు వాకిట్లోకి వచ్చేశారు.

"మా మండలంలో వాన పడలేదంటండీ! మరి మా కాయలు చెమటకి తడిసినయ్యా?"

"ఒరేయ్, ఆ మిషను గాడిదకి కళ్లున్నయ్యేంట్రా? ఇట్టా తీసుకురండి, మా కల్లంలో దించుదాం!"

నేను టైపు మిషను వెనక తల దించుకుని, లేని కాగితం మీద అచ్చు కొడుతున్నాను. ఎమ్మార్వోగారు బయటికి పోయి, విచారిస్తానని చెప్పి, సముదాయించి పంపించి, లోపలికొచ్చి రిజిస్టర్ తెమ్మన్నారు. ఇచ్చాను. ఆయన ఆ సున్నా వంక చూస్తున్నారు.

పెద్ద గుమాస్తాగారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. రూలు తప్పి మాట్లాడటం ఆయన జీవితంలో అదే మొదటిసారి అనుకుంటా, చెవులు ఎర్రబడ్డాయి. "సున్నాకి ముందు ఒక అంకె వేస్తే సరిపోతుందండి. ఫోన్లో సరిగా వినపడలేదని మనం, అవునేమోనని వాళ్లు. ఎవరికీ నష్టం లేదు."

ఒక్క క్షణం నాకు ప్రాణం లేచొచ్చింది. పెన్ను నా చేతిలోనే ఉంది. కానీ ఆ అంకె వేస్తే, ఫోన్ ఎత్తిన గొంతు తప్పుగా విన్నట్టవుతుంది. నా బదులు ఆయనకి మెమో వస్తుంది. "సున్నానా?" అని రెండోసారి అడిగిన మనిషి. పెన్ను బల్ల మీద పెట్టేశాను.

"అయ్యా, వాళ్లు సరిగానే విన్నారు. గేజి మీద బరకం కప్పింది నేను. తెల్లారి చూసి, భయపడి సున్నా చెప్పాను."

ఎమ్మార్వోగారు నా వంక, వాకిలి వంక చూశారు. ఉద్యోగం అయిపోయిందనుకున్నాను.

"నువ్వు ఒక కొసే కదమ్మా పట్టుకుంది," అన్నారు. "రెండో కొస ఎవరు పట్టుకున్నారు?"

జవాబూ ఆయనే చెప్పారు.

"నేనే. గవర్నమెంటు గేజి మీద గవర్నమెంటే బరకం కప్పింది." ఆయనకి నవ్వొచ్చింది. నవ్వాలో వద్దో తెలియక పెద్ద గుమాస్తాగారు దగ్గారు. తిలా పాపం తలా పిడికెడు. నవ్వు అయిపోయాక మాత్రం ఎమ్మార్వోగారి మొహం గంభీరమైంది. "సరే, వాన పడిందని ఇప్పుడెట్లా రుజువు చేస్తాం? నాలుగు రోజుల ఎండకి నేలంతా ఆరిపోయింది."

కిటికీ అవతల కాయలేరుతూ అంతా వింటున్న మామ్మగారు లేచారు. "మా వాకిట్లో వాన పడలేదని రాశారా? నా ఇంట్లో కూచుని?" అంటూ వెనక్కి పోయి, చేతిలో ధాన్యం కొలిచే ఇనప కుంచం పట్టుకొచ్చారు. ఆ రోజు హడావిడిలో దాన్ని పెరటి పిట్టగోడ మీద మర్చిపోయారట. అందులో వాన నీళ్లు ఇంకా ఉన్నాయి, కొంచెం తగ్గి. అంతకు ముందు దాంతో మిరపకాయలు ఎత్తారు కనక లోపలంతా కారప్పొడి. మొదట నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ గుండ్రంగా ఎర్రటి గీత పడి ఉంది. కుంచం నిలువు గోడలది, మూతీ అడుగూ ఒకటే వెడల్పు. స్కేలు పెడితే వాన ఎంతో చెప్పేస్తుంది. రూల్సు కాగితం లేకుండానే పైన ఏ అడ్డమూ లేకుండా గోడ మీదే కూచుని, మా గేజి చేయాల్సిన పని అది చేసిపెట్టింది.

"ఇది తీసుకెళ్తామండి," అన్నారు ఎమ్మార్వోగారు.

"నా పెళ్లినాటి కుంచం. అది వస్తే నేనూ వస్తాను," అన్నారు మామ్మగారు.

మర్నాడు జీపులో గుంటూరు పోయాం. ముందు ఎమ్మార్వోగారు, వెనక నేను, మామ్మగారు, ఆవిడ ఒళ్లో గుడ్డ కట్టిన కుంచం. కంప్యూటర్ గది ముందు చెప్పులు విప్పమన్నారు. లోపల చలి! బయట గుంటూరు ఎండ మాడుస్తుంటే, లోపల ఒక కుర్రాఫీసరు స్వెట్టర్ వేసుకుని కూచున్నాడు. మామ్మగారు చెంగు కప్పుకుని, మిషను వంక చూసి, "దీనికి జ్వరమా, ఇంత చల్లగా ఉంచారు?" అన్నారు.

ఆ ఆఫీసరు మా మండలం పేరు వినగానే నా వంక తిరిగి, "ఎంత?" అన్నాడు.

అదే గొంతు. నా నోటికి అలవాటైన జవాబు రాలేదు. జరిగిందంతా చెప్పాను. బరకం, మిరపకాయ, భయం, ఏదీ దాచకుండా. ఆయన వింటూ మధ్యలో రెండుసార్లు తుమ్మాడు. మా బట్టల్లో కారం ఘాటు, పాపం.

"అయిదు రోజుల నుంచి మీ సున్నా ముందు తల పట్టుకుని కూచున్నానండి," అని ఒక కాగితం పరిచాడు. మా చుట్టూ ఉన్న మండలాలన్నిటికీ పెద్ద పెద్ద అంకెలు. మధ్యలో మాది సున్నా. "మేఘం మీ పొలిమేర దాకా వచ్చి, చుట్టు తిరిగి పోయినట్టుంది. ఈ మిషను ఎందుకని అడగదు, ఇచ్చింది తీసుకుంటుంది. అడగాల్సింది నేను. ఒక్కసారి అడిగి ఊరుకున్నాను."

కుంచంలో స్కేలు పెట్టి ఎర్ర గీత ఎత్తు కొలిచాడు. పక్క మండలాల అంకెల పక్కన రాసుకున్నాడు. వాటి మధ్యలో సరిగ్గా ఇమిడింది.

"ఇప్పుడు దీన్ని మిషన్లో పోస్తారా?" అన్నారు మామ్మగారు.

"పోయలేనమ్మా. ఇది రికార్డుకి పనికిరాదు, నాకు నమ్మకం కలగటానికి పనికొచ్చింది." తరవాత ఎమ్మార్వోగారితో, నాతో అన్నాడు: "గేజి మీద బరకం కప్పారని, అందుకే సున్నా వచ్చిందని రాతపూర్వకంగా ఇవ్వండి. తప్పు కాగితం మీద ఉంటేనే దిద్దటానికి నాకు దారి. అధికారులొచ్చి కల్లాలు చూస్తారు. కాకపోతే కొలిచినవాళ్ల పేరు రాయాలి. వాళ్ల సంజాయిషీ కావాలి."

ఎమ్మార్వోగారు నోరు తెరవబోయారు. "కొలిచింది నేనండి," అన్నాను.

ఆఫీసులో టైపిస్టుని నేనొక్కదాన్నే. అందుకని నాకు ఇవ్వాల్సిన మెమో నేనే టైపు చేశాను. "వర్షమాపకమును బరకముతో కప్పి, వాస్తవ విరుద్ధమైన అంకెను తెలియజేసినందుకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో" అంటూ పెద్ద గుమాస్తాగారు చెబుతుంటే కొట్టుకుంటూ పోయాను. ఎమ్మార్వోగారి సంతకానికి నేనే పెట్టాను. నాకు నేనే ఇచ్చుకుని, అందినట్టు నేనే సంతకం చేశాను. జవాబూ నేనే కొట్టాలి. చివర్లో "ఇకముందు ఇట్టి పని చేయనని హామీ ఇచ్చుచున్నాను" అని రాయాలన్నారు గుమాస్తాగారు. అక్కడ వేళ్లు ఆగిపోయాయి. అబద్ధం ఒకసారి చెప్పి చూశాను, చాలు. కాసేపు ఆలోచించి ఇట్లా కొట్టాను: "ఇకముందు వాన వచ్చినచో మొదట గేజిని తప్పించి, ఆ తరువాతనే మిరపకాయలు కప్పెదను." గుమాస్తాగారు రెండుసార్లు చదివి, "రూలుకి విరుద్ధంగా ఏమీ లేదు," అన్నారు.

అధికారులు వచ్చారు. ఊరూరూ తిరిగి కల్లాల్లో తెల్లబడ్డ కాయల్ని చేత్తో తీసి చూశారు. మా మండలం పేరు జాబితాలోకి ఎక్కింది. నన్ను హెచ్చరించి వదిలేశారు. ఉద్యోగం నిలబడింది. జిల్లాలోని మండలాఫీసులన్నిటికీ ఒక సర్క్యులర్ కూడా వచ్చింది: వర్షమాపకములను బరకములతో గాని మరి దేనితో గాని కప్పరాదు. ఏ మహానుభావుడు కప్పాడో అని పక్క మండలాల వాళ్లు మాకే ఫోన్ చేసి నవ్వేవాళ్లు. నేనూ వాళ్లతో కలిసి నవ్వేదాన్ని. ఆ వారంలోనే కంచె కూడా వచ్చింది, ఉత్తరం రాయకుండానే.

ఇంట్లో మాత్రం ఒక్క మాట చెప్పలేదు. మూడు వారాలు నాన్న పక్కన కూచుని అన్నం తిన్నాను. జాబితాలో మన మండలం పేరు ముందు ఎందుకు లేదో ఆయనకి అర్థం కాలేదు. "పైవాళ్లకి ఏం తెలుసులే మన సంగతి," అనేవాడు. ఆ పైవాళ్లు ఆయన పక్కనే కూచుని మజ్జిగ పోసుకుంటున్నారని తెలియదు.

సాయం అందుకునే రైతుల సంతకాలు మా వరండాలోనే పెట్టించాం. జాబితా టైపు చేసింది నేను, పేర్లు పిలవాల్సింది నేను. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని వరసలో నిలబడ్డాడు. ఆయన పేరు ఇంటిపేరుతో సహా, ఆఫీసు గొంతుతో పిలిచాను.

"ఉన్నానండి!" అన్నాడు బడిపిల్లాడిలా. వరసలో అందరూ నవ్వారు.

ఆయన పెన్ను తీసుకుని సంతకానికి వంగాడు. స్తంభం దగ్గర కాయలేరుతున్న మామ్మగారు అప్పుడు అందుకున్నారు. "మండలమంతా తీసుకుంటోంది, నేను తప్ప. నా కాయలు తడవలేదుగా మరి! ఏవయ్యా, అంతా నీ కూతురి పుణ్యమే. నా కాయలు కప్పింది, వాటితో పాటు గవర్నమెంటు వాన గొట్టం కూడా కప్పింది. కప్పి, మండలంలో వానే లేదని ఫోన్ చేసింది!"

నాన్న పెన్ను ఆగిపోయింది. వరసలో నవ్వులు కూడా ఆగిపోయాయి.

"నిజమేనా?" అన్నాడు.

"నిజమే నాన్నా. మన కాయలు నీళ్లలో ఉన్నయ్యని తెలిసి కూడా సున్నా అని చెప్పాను."

ఆయన నా వంక చూశాడు. తల తిప్పి, కంచెలో ఒంటరిగా నిలబడ్డ గేజి వంక చూశాడు. రోజూ నేను కొలిచే వాన గొట్టాన్ని ఆయన చూడటం అదే మొదటిసారి.

"సున్నా చెప్పటం తప్పే," అన్నాడు. "దిద్దుకున్నావు గదా, అయిపోయింది. కప్పటం మాత్రం తప్పు కాదే అమ్మా. వాన పడతంటే కాయలు కప్పకుండా ఆ గాజు గొట్టం పట్టుకుని నిలబడితే, నువ్వు నా కూతురివని నేను ఎట్టా చెప్పుకునేవాణ్ణి?"

అని, వంగి, ఒక్కో అక్షరం దిద్దుతూ నిదానంగా సంతకం పెట్టాడు.

తరవాతి పేరు నేను పిలవాలి. కళ్లు తుడుచుకుంటే కారం చెయ్యి, ఇంకా మండాయి. రూలు ప్రకారం ఆ పేరు ఇంకెవరూ పిలవకూడదు. పెద్ద గుమాస్తాగారు నా చేతిలోంచి కాగితం మెల్లగా తీసుకుని, తనే పిలిచారు.